ఏడుపు చెలక

పక్క ఫ్లాటు అమ్మాయి పొద్దున్నే ఒక పూలకుండీ చంకనెత్తుకుని వచ్చి మా తలుపు కొట్టింది. వాళ్ళది గుంటూరు వైపు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగస్థులే. బౌరంపేటలో మేముండే ఈ కాలనీకి వచ్చి రెండేళ్ళయింది. బాల్కనీ నిండా మొక్కలు పెట్టింది కానీ ఒక్కటీ బతికి బట్టకట్టడం లేదు.

"చూడండి పిన్నిగారూ, నిన్న పోసిన నీళ్ళు ఇంకా పైనే ఉన్నాయి. ఎర్రమట్టి అయితే నీళ్ళు చక్కగా దిగిపోతాయని నర్సరీ అతను చెప్పాడండీ. బస్తాలకు బస్తాలు తెప్పించాను. వేర్లన్నీ కుళ్ళిపోతున్నాయి."

నేను కుండీలో వేలు గుచ్చాను. మట్టి వేలిని పట్టుకుని వదల్లేదు. లాగితే చప్పుడైంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన పాత ఇనుము వాసన. ఎక్కడి మట్టి అని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

"శామీర్‌పేట రోడ్డులో గుట్ట పేల్చేసిన చోట విల్లాలు కడుతున్నారు కదండీ, ఆ పునాదులు తవ్విన మట్టంట."

ఇసుక బాగా కలుపమ్మా, అడుగున పెంకులు వెయ్యి అని చెప్పి తలుపు వేసుకున్నాను. ఆ అమ్మాయి ఇంకాసేపు కూర్చుందామనే వచ్చింది. నాకే కూర్చోబెట్టుకునే ఓపిక లేకపోయింది. చెయ్యి రెండుసార్లు సబ్బుతో కడిగినా గోటి కింద ఎరుపు పోలేదు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ సర్కారు బడిలో సోషల్ చెప్పాను. ఎర్రనేలల పాఠం వచ్చినప్పుడల్లా అవి నీటిని నిలుపుకోలేవని బోర్డు మీద రాసేదాన్ని. పిల్లల చేత మూడుసార్లు చదివించేదాన్ని, పరీక్షలో ఖాళీలు పూరించమని ఇచ్చేదాన్ని, అలాగే రాసినవాడికి మార్కు వేసేదాన్ని. అన్ని ఎర్రనేలలూ ఒక్కటి కావని నాకు తెలుసు. మా ఊళ్ళో మాకున్న మెట్టభూమి, మా చెలక, పట్టుకున్న నీటిని వదిలేది కాదు. ఆ సంగతి పాఠంలో లేదు కాబట్టి చెప్పలేదు. తెలిసినదాన్ని చెప్పకుండా మింగడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు.

మా ఊరు మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ నడుమ ఉండేది. ఊరి వెనక గుట్ట, గుట్ట పొట్ట మీద మా ఎర్ర చెలక. మాకున్నది అదొక్కటే, దాన్ని దున్నడానికి ఒక జత ఎద్దులు. దానికి ఊళ్ళో పేరు 'ఏడుపు చెలక'. వాన వెలిసిన రెండో రోజుకే కింద పొలాల వాళ్ళు నాగళ్ళు కట్టేవాళ్ళు. పైన ఏటవాలులో ఉన్న మా చెలక మాత్రం పది రోజులైనా తడి కారుతూనే ఉండేది. కొత్తవాళ్ళకు చెబితే నవ్వేవాళ్ళు. "గుట్ట మీద నీళ్ళు నిలుసుడేంది, మమ్ముల పిచ్చోళ్ళను చేస్తున్నరా" అనేవాళ్ళు. పెళ్ళిళ్ళకు వచ్చిన చుట్టాలను మా నాయిన చెప్పులు విప్పించి మరీ తీసుకెళ్ళి చూపించేవాడు. పాదాలకు ఎర్రబురద పట్టి, కడుక్కున్నా పోక, వాళ్ళు తిట్టుకుంటూ బస్సెక్కేవాళ్ళు.

ఎందుకలా అనేది మా అవ్వకు తెలుసు. అవ్వంటే మా నాయినను కన్నతల్లి. చెలక పక్కనే వాన నీళ్ళు కోసిన ఒర్రె ఒకటి ఉండేది. అందులోకి దిగితే నేల లోపలి పొరలన్నీ గోడలా కనిపించేవి. పైన మూరెడు మందాన ఎర్రమట్టి, అందులో తెల్లని పలుగురాళ్ళ ముక్కలు. దాని కింద ఇటుక రంగు జిగట పొర. ఆ పొరలో అక్కడక్కడా బూడిద రంగు చారలు, మిరియపు గింజలంత నల్లటి గుండ్లు ఉండేవి. ఆ గుండ్లను గోటితో తవ్వి గౌను జేబు నింపుకునేదాన్ని. ఇంకా కిందికి పోతే పసుపుపచ్చగా కుళ్ళిన రాయి. చేత్తో నలిపితే అది పొడి అయ్యేది. ఆ కింద అసలు గుట్ట.

"గుట్ట కరిగి చెలకయింది బిడ్డా" అనేది అవ్వ. "ఎండకు పలిగి, వానకు నాని, ఇంకా కరుగుతనే ఉన్నది. మనం సచ్చినంక గూడ కరుగుతది."

ఆ రాతిలోని ఇనుము తుప్పు పట్టి మట్టికి ఎరుపు వస్తుందని తర్వాత చదువుకున్నాను. వాన పడ్డప్పుడల్లా పై మట్టిలోని మెత్తని జిగురు నీటితో పాటు కిందికి దిగుతుంది. మూరెడు లోతున పేరుకుని, చివరికి నీటిని పోనివ్వని అడ్డుపొర అవుతుంది. ఎన్ని వేల వానలు కురిస్తే ఆ పొర కట్టిందో ఎవరికీ తెలియదు. గుట్ట పైనుంచి లోపల్లోపలే వచ్చే నీళ్ళు ఆ పొర మీద జారి మా చెలకలోకి వచ్చేవి. కింది మూలన రాతిబండ అడ్డం ఉండటంతో అక్కడే ఆగిపోయేవి. అవ్వకు ఇన్ని మాటలు రావు. బూడిద చారలు చూపించి "గివి నేల ఏడ్సిన జాడలు" అనేది, అంతే.

ఆ మట్టి గుణం చెప్పాలంటే దానంత మొండిది ఇంకోటి లేదు, నేను తప్ప. తడిగా ఉంటే కాలిని వదలదు. ఎండితే గడ్డపారకు లొంగదు. రెంటికీ నడుమ మూడు నాలుగు రోజులు మాత్రం మెత్తగా చెప్పిన మాట వింటుంది. ఆ రోజుల్లోనే దున్నాలి, ఆ రోజుల్లోనే విత్తాలి. పైకి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే పైన ఎండి తెల్లబడ్డాక కూడా బెత్తెడు కింద తడి అలాగే ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి అవ్వ దగ్గర ఒక పద్ధతి ఉండేది. పై గట్టు దగ్గర ఒకటి, మోదుగ చెట్టు దగ్గర ఒకటి, కింది మూలన ఒకటి, మూడు చోట్ల కాలి మడిమతో గట్టిగా తొక్కి గుంత చేసేది. ఒక్కో గుంత పక్కన గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించేది. చుట్ట సగం కాలేలోగా గుంతలో తడి ఊరితే నాగలి ఇంటి దగ్గరే ఉండాలి. ఊరకపోతే దున్నుకోవచ్చు. అవ్వ చెప్పింది ఒక్కసారి కూడా తప్పలేదు. పక్క చెలకల వాళ్ళు కూడా వచ్చి, మావి కూడా జెర చూడు పెద్దమ్మా అని పిలుచుకుపోయేవాళ్ళు.

ఇంట్లో ఆ మట్టి లేని చోటే లేదు. గోడలకు అదే, అరుగుకు అదే. పొద్దున్నే జొన్నరవ్వ గట్కలో సల్ల పోసుకుని అరుగు మీద కూర్చుంటే, అప్పుడే అలికిన మట్టి వాసనా పులిసిన సల్ల వాసనా కలిసి వచ్చేవి. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అమ్మ గోడ మట్టి గిల్లి తినేది. తోడుగా నేనూ తినేదాన్ని. మొదట ఏ రుచీ ఉండదు, తర్వాత నాలుకకు అతుక్కుని కాస్త ఉప్పగా తగులుతుంది. అవ్వ చూసి, "తల్లీబిడ్డలు కలిసి ఇల్లు తింటున్నరు, రేపు వాన పడితె ఏడ పండాలె?" అని ఊరంతా వినిపించేలా అరిచేది.

ఆ ఏడాది సంగతికి వస్తాను. అంతకు ముందు రెండేళ్ళు పంట పోయింది. నాయిన స్నేహితుడొకడు అప్పటికే సూరారంలో ఫ్యాక్టరీ పనికి కుదిరి, నువ్వూ రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు. నాయినకు ఇష్టం లేదు. ఒకళ్ళు బెల్లు కొడితే లేచి, ఇంకొకళ్ళు బెల్లు కొడితే తినే బతుకు ఆయన ఊహకే అందేది కాదు.

"గీ యేడు జొన్న, కంది చేతికొస్తె ఈడనే ఉంట. రాకుంటె ఇగ సూరారమే" అని అమ్మతో అన్నాడు. అమ్మ పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. పిల్లనైనా నాకు అర్థమైంది, మేం ఊళ్ళో ఉండేదీ లేనిదీ ఈ ఒక్క పంట మీద ఉందని.

మిరుగం కార్తె తొలి వానలు నాలుగు రోజులు వదలకుండా కొట్టి, తర్వాత ఎండ కాసింది. కింద పొలాల్లో విత్తడం మొదలైంది. నాయినకు కాలు నిలవడం లేదు.

"అమ్మా, చెలక ఎట్లున్నదో జెర చూడరాదే. అందరు ఇత్తుకుంటున్నరు."

"రేపు పొద్దుగాల పోయి చూసొస్త. నువ్వు మేడ్చల్ పోయి ఇత్తనం తెచ్చుకో పో."

మర్నాడు నాయిన విత్తనాలకు మేడ్చల్ వెళ్ళాడు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని కూలికి పోయింది. ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం. అవ్వ గోడ పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, మోకాలు లేస్తలేదు. గా గుట్ట ఎక్కుడు ఇగ నాతోని అయితలేదు. నువ్వు పోయి మూడు తావుల మడిమ పెట్టి చూసి రా. జల్దీ రాకు. నా సుట్ట ఎంతసేపు కాలుతదో యాదికున్నది గద, అంతసేపు ఆగు."

"నాయినకు చెప్పాల్నా?"

"చెప్పకు. నేనే పోయిన అనుకోని. నాకు కాళ్ళు పోయినయని తెలిస్తె మీ నాయిన నా మాట ఇంటడా?"

అప్పటికే అవ్వ కళ్ళకు పొరలు కమ్మి, గుంతలో తడిని వేలితో తడిమి చూసుకునేది. కాళ్ళు కూడా పోయాయని తెలిస్తే తనను ఒక మూలన కూర్చోబెడతారని ఆమె భయం. అంత పెద్ద పని నా చేతిలో పెట్టినందుకు గర్వపడుతూ, గౌను ఎగ్గట్టుకుని బయల్దేరాను.

సగం దాకా వెళ్ళాను. ఒర్రె కిందికి దిగి ఊరి దారిని దాటే చోట అల్లనేరేడు చెట్టు కింద నలుగురు పిల్లలు రాళ్ళు రువ్వుతున్నారు. పండ్లు మట్టిలో పడి పగులుతున్నాయి. ముందు నాలుగు తిని వెళదామనుకున్నాను. తర్వాత దోసెడు. తర్వాత పందెం పెట్టుకున్నాం, ఎవరి నాలుక ఎక్కువ నల్లబడుతుందో అని. నేనే గెలిచాను. పొద్దు నడినెత్తికొచ్చింది. అక్కణ్ణుంచి తల ఎత్తి చూస్తే చెలక కనిపిస్తూనే ఉంది. పైన ఎండి, తెల్లబారి, సన్నగా బీటలు కూడా పడింది. ఎండింది కదా, ఇక మడిమ పెట్టేదేముంది అనుకున్నాను. అది ఎలాంటి నేలో తెలిసి కూడా అనుకున్నాను. అంతా ఎండలో ఇంకో అర్ధ మైలు ఎక్కాల్సి వస్తుందన్న బద్ధకమే.

అవ్వ గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"ఏమాయె?"

"నీళ్ళు ఊరలేదవ్వా."

"మూడు తావుల పెట్టినవా?"

"మూడు తావుల పెట్టిన."

"ఎంతసేపు ఆగినవు?"

"నీ సుట్టంత సేపు."

ఈ చివరి మాట ఎంత బాగా కుదిరిందో అని నాకు నేనే మురిసిపోయాను. నా నాలుక నల్లగా ఉంది, నా కాళ్ళకు చెలక మట్టి లేదు. కళ్ళున్నవాళ్ళెవరైనా పట్టేసేవాళ్ళు. అవ్వ గుట్ట వైపు ముఖం తిప్పి, "ఇంత జల్దీ ఎండిందా" అంది. ఇంకేమీ అడగలేదు. పొద్దుగూకే వేళ నాయిన విత్తనం మూటతో వచ్చి, ఎట్లున్నదమ్మా అంటే, "చూసొచ్చిన. దున్నుకో" అంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మా నేనూ గట్క, పచ్చిపులుసు తీసుకుని చెలకకు వెళ్ళాం. పై గట్టు వైపు దున్నడం అయిపోయింది. నాగలి వెంట మట్టి పొడిగా విరగడం లేదు. పొడుగాటి పెళ్ళలుగా లేస్తోంది. ఒక్కో పెళ్ళ పక్క నున్నగా మెరుస్తోంది. నాయిన ఆగి, పెళ్ళ చేతిలోకి తీసుకుని చూడటం నేను చూశాను. ఆయనకూ అనుమానం వచ్చింది. కానీ తల్లి చెప్పింది. మళ్ళీ మేడి పట్టుకున్నాడు.

ఒక్క కేక వేస్తే ఆగేవాడు. నాయినా వద్దు, నేను చూడలేదు అంటే చాలు. రెండు దెబ్బలు కొట్టేవాడేమో. నేను గట్క గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

మోదుగ చెట్టు దగ్గర దాపటి ఎద్దు మోకాళ్ళ దాకా దిగబడింది. వలపటిది ముందుకు లాగింది. దిగబడ్డ ఎద్దు బయటికి రావాలని ఒక్కసారి కాలు గుంజుకుంది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు నాకు గట్టు మీదికి వినిపించింది. నాయిన కాడి విప్పి, చేతులతోనే బురద తోడాడు. తోడిన గుంతలోకి మళ్ళీ నీళ్ళు ఊరుతున్నాయి. ఐదుగురు మనుషులు వచ్చి తాళ్ళు వేసి లాగారు. కాలు విరిగిన ఎద్దు మళ్ళీ నిలబడలేదు. మూడో రోజు పోయింది.

దున్నిన పెళ్ళలు వారంలో ఎండి రాయయ్యాయి. కర్రలతో కొట్టారు, పారతో కొట్టారు, పగల్లేదు. వాటి నడుమే విత్తితే జొన్న అక్కడొకటి ఇక్కడొకటి మొలిచి, పసుపుబారి చచ్చిపోయింది. ఒంటెద్దుతో ఇంకో చెలక కౌలుకు తీసుకుని దున్నే దారీ లేదు.

ఎద్దు పోయిన సాయంత్రం నాయిన అరుగు మీద కూర్చుని తల్లిని అడిగాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"నువ్వు నిజంగ పోయినవా అమ్మా?"

"పోయిన."

"మడిమ పెట్టి చూసినవా?"

"మూడు తావుల పెట్టిన. ఊరలే."

నాయిన ఎద్దు పలుపుతాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత, "నీకు ఇగ నేల సంగతి తెలుస్తలేదు. ఇగ ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

అవ్వ నన్ను కాపాడిందని చాలాకాలం అనుకున్నాను. అది నిజం కాదు. మర్నాడు ఎవరూ లేనప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కోపంగా లేదు. నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నిన్ను తిట్టను. నిజం చెప్పు. మడిమ పెట్టినవా?"

"పెట్టిన."

"నీళ్ళు ఊరలేదా?"

"లేదవ్వా."

అవ్వ నా చెయ్యి వదిలేసింది. "అయితె నేల మారింది" అంది. "నాకు ఇగ తెల్వది."

నా మాట నమ్మింది. తన బతుకంతా తెలిసినదాన్ని పక్కన పెట్టి, తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పిన మాట నమ్మింది. ఆ తర్వాత పక్క చెలకల వాళ్ళు వచ్చి పెద్దమ్మా జెర చూడమంటే, "నాకు తెల్వదు, ఇంకొకలను అడుగుండ్రి" అని ముఖం తిప్పుకునేది. ఒర్రె వైపు చూడటం మానేసింది. నేను అబద్ధం చెప్పానని ఆమెకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. నన్ను అసహ్యించుకున్నా సరే, తన నేల తనకు తెలుసన్న సంగతైనా ఆమెకు మిగిలేది. ఎద్దును చంపాను, పంటను చంపాను. వాటికన్నా నాకు ఇదే ఎక్కువ బాధ.

పంట రాలేదు కాబట్టి సూరారం వెళ్ళాం. ఒకటే గది, రేకుల కప్పు, కింద సిమెంటు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీళ్ళకు ఏదో మందు వాసన. నాయిన బెల్లు కొడితే లేచి, బెల్లు కొడితే తినడం నేర్చుకున్నాడు. ఆయనకు అదేమంత కష్టం కాలేదని మేమందరం పైకి అనుకునేవాళ్ళం. అవ్వ ఆ గదిలో రెండు వానాకాలాలు బతికింది. వాన పడ్డప్పుడు కూడా ఏమీ అడిగేది కాదు. చెలకను అమ్మేశాం. కొన్నవాడు ఇంకొకడికి, వాడు మరొకడికి అమ్మాడు. గుట్టను పేల్చి కంకర చేశారు. ఒర్రెను పూడ్చి రోడ్డు వేశారు. ఈ మధ్య వెళితే ఏ చోట ఏదుండేదో చూపించడానికి నాకు ఒక్క గుర్తూ దొరకలేదు.

నాయిన మాత్రం ఆ కథ చెప్పడం మానలేదు. గల్లీలో కొత్తగా దిగిన కూలీలకు చెప్పేవాడు. నా పెళ్ళిలో మా ఆయనకు చెప్పాడు. ఆయన చెప్పే కథలో చెలక ఏటికేడు పెద్దదయ్యేది, ఎద్దులు ఇంకా బలిసేవి, చివర మాత్రం మారేది కాదు. కోపంతో చెప్పేవాడు కాదు, నవ్వుతూనే చెప్పేవాడు. అదే నాకు భరించడం కష్టమయ్యేది.

చివరిసారి మా చిన్నవాడికి చెప్పాడు. అప్పటికే మంచంలో ఉన్నాడు. వాడు తాత చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, నేను గ్లాసులో మందు కలుపుతున్నాను.

"మా అమ్మకు కండ్లు కానరాకపోతుండె రా. ఐనా నేను చూసొచ్చిన అన్నది. ఆమె మాట ఇని దున్నిన, ఆగమైన. లేకుంటె మీరంత గా చెలకలనే పుడుతుంటిరి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం బిడ్డా, నువ్వు ఆడనే ఉన్నవు గద. గట్లనే గద?" అని అడిగాడు.

గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. మందు కలపడం అయిపోయింది. గ్లాసు ఆయన నోటికి అందిస్తూ, "ఊఁ, గట్లనే నాయినా" అన్నాను.